ఛాతీ మీద దీపం లేని వీరుడు

కొండల నడుమ ఒక విద్యుత్ సబ్‌స్టేషన్. కంటికి కనిపించని జంతువేదో అక్కడి కరెంటును పీల్చేస్తోంది. కడుపు నిండుతున్నకొద్దీ దాని ఒళ్లు బయటపడింది. ముక్కు మీద కొమ్ము, నాలుగు కాళ్లు, ఒంటి నుంచి చిమ్మే మెరుపులు. దాని పేరు నెరొంగా. ఆ మెరుపుల ముందు సైన్యం ఆయుధాలు దీపావళి తారాజువ్వల్లా తేలిపోయాయి. అంతలో ఆకాశం నుంచి ఏదో వచ్చి పడింది. దుమ్ము అణిగేసరికి లోయలో ఒక వెండి మనిషి నిలబడి ఉన్నాడు. ఎత్తు 60 మీటర్లు. మెరుపులు వచ్చి రొమ్ముకు తగులుతున్నా కదల్లేదు. నెమ్మదిగా రెండు చేతులూ అడ్డంగా, నిలువుగా కలిపాడు. ఒక్క కాంతి ధార. నెరొంగాతో పాటు వెనకున్న కొండ కూడా ఎగిరిపోయింది.

2022 మే 13న జపాన్‌లో విడుదలైన 'షిన్ అల్ట్రామ్యాన్'లో వీరుడు ప్రవేశించే ఘట్టమిది. ఈ సన్నివేశంలో యాభై దాటిన జపాన్ ప్రేక్షకుడి చూపు వెతుక్కునేది ఒక లోటును. అల్ట్రామ్యాన్ రొమ్ము మధ్యలో గుండ్రటి దీపం ఉండాలి. బలం తగ్గుతుంటే అది నీలం నుంచి ఎరుపుకు మారి టింగ్ టింగ్ మని కొట్టుకోవాలి. జపాన్‌లో పసిపిల్లవాడికి కాగితం, రంగు పెన్సిళ్లు ఇచ్చినా ముందుగా గీసేది ఆ దీపాన్నే. ఈ సినిమాలో అది లేదు.

ఎందుకు లేదో తెలుసుకోవాలంటే 1966 దాకా వెనక్కి వెళ్లాలి. ఒక శిల్పి, ఒక రచయిత, ముఖం ఎవరికీ కనపడని ఒక నటుడు కలిసి ఈ వీరుణ్ణి తయారుచేసిన చోటుకు.

శిల్పి పేరు తోరు నరితా. 1929లో పుట్టాడు. పసితనంలో కుంపటి నిప్పుల్లో పడి ఎడమచేయి కాలింది. మిగిలిన కుడిచేత్తోనే బొమ్మలు వేశాడు, శిల్పం నేర్చుకున్నాడు. టీవీ కోసం భూమిని కాపాడే మహాకాయుడి రూపం గీయమన్నప్పుడు ఆయన ముందుకు మొదట వచ్చినవి రెక్కలున్న పక్షిలాంటి రూపాలు, కొమ్ములున్న రూపాలు. నరితా పెట్టుకున్న పని ఒకటే, తీసేయడం. కొమ్ములు తీసేశాడు, కవచం తీసేశాడు, జుట్టు తీసేశాడు. చివరికి వెండి ఒళ్లు, ఎర్రటి చారలు, గుడ్డులాంటి కళ్లు, పెదవుల చివర ఉందా లేదా అనిపించే చిరునవ్వు మిగిలాయి. ఆ నవ్వు పురాతన గ్రీకు శిల్పాల్లోనూ, తొలినాటి బౌద్ధ విగ్రహాల్లోనూ కనిపించేది. మట్టితో ఆ తలను మలిచినవాడు అకిరా ససాకి.

తీసేయడంలోనే అందం ఉందని నమ్మిన మనిషి చేత మూడు వస్తువులు అతికింపజేశారు. లోపలి నటుడికి దారి కనపడాలి కాబట్టి కళ్ల కింద చిల్లులు. వీపు మీద జిప్పు కనపడకూడదు కాబట్టి దాన్ని కప్పే రెక్క. ఇక రొమ్ము మీద దీపం. మహావీరుడు భూమ్మీద మూడు నిమిషాలకు మించి నిలవలేడని నిర్మాణ బృందం నియమం పెట్టుకుంది. అది చూసేవాళ్లకు తెలియాలి. అప్పటికి చాలా ఇళ్లలో నలుపు తెలుపు టీవీలే. రంగు మారితే సరిపోదు, దీపం ఆరుతూ వెలగాలి, చప్పుడు చెయ్యాలి. కథకు అది ఎంత పనికొచ్చిందో చెప్పలేం, మూడు నిమిషాల గడువు ప్రతి వారమూ పిల్లల్ని కుర్చీ అంచుకు లాక్కొచ్చింది. కానీ ఆ మూడూ నరితాకు చివరిదాకా ముల్లులా గుచ్చుకున్నాయి. 1983లో ఆయన తైలవర్ణ చిత్రం ఒకటి వేశాడు. దాని పేరు 'సత్యం, న్యాయం, సౌందర్యాల అవతారం'. అందులోని అల్ట్రామ్యాన్‌కు కంటి చిల్లులు లేవు, వీపు రెక్క లేదు, దీపమూ లేదు. 2002లో నరితా కన్నుమూశాడు.

రాక్షసుల విషయంలోనూ నరితాకు నియమాలుండేవి. మామూలు జంతువును పెద్దది చేసి వదిలేయకూడదు. రెండు తలలు, మూడు కాళ్లు తగిలించి దెయ్యాల కథలా చెయ్యకూడదు. తెగిన ఒళ్లు, కారే నెత్తురు చూపించకూడదు. చూసేది పిల్లలు కాబట్టి భయంలో కూడా ఒక మర్యాద ఉండాలన్నది ఆయన పట్టుదల. ఆయన గీసినవాటిని రబ్బరుతో ప్రాణం పోసుకునేలా చేసిన శిల్పి రియోసాకు తకయామా. ఆ జంట చేసిన రాక్షసులు ఇప్పటికీ జపాన్ బొమ్మల దుకాణాల్లో వరసగా నిలబడి ఉంటాయి. వాటిని చూస్తే భయం కంటే ముందు ఒక రకమైన జాలి పుడుతుంది.

ఈ కార్ఖానా అంతటికీ పెద్దదిక్కు ఎయిజీ త్సుబురాయా. ఫుకుషిమా జిల్లా సుకగవా ఊళ్లో 1901లో పుట్టాడు. చిన్నప్పుడు విమానాల పిచ్చి. హనెదాలోని విమాన పాఠశాలలో చేరితే, పాఠం చెప్పే గురువు ప్రమాదంలో చనిపోయి బడి మూతపడింది. ఎగరడం కుదరక, ఎగిరినట్టు చూపించే విద్య పట్టుకున్నాడు. యుద్ధకాలంలో ప్రభుత్వ ప్రచార చిత్రాలకు చేసిన బొమ్మ ఓడల పనితనం యుద్ధం ముగిశాక ఆయన మెడకే చుట్టుకుంది, స్టూడియో వదిలి బయట తిరగాల్సి వచ్చింది. తిరిగొచ్చి 1954లో 'గాడ్జిల్లా'కు విశేష దృశ్యాలు చేశాడు. ఆ తర్వాత ప్రపంచంలో ఆయన పేరు తెలియని కెమెరా ట్రిక్కుల మనిషి లేడు.

ఆయన పద్ధతిని జపనీయులు తొకుసత్సు అంటారు, ప్రత్యేక చిత్రీకరణ అని. మనిషి రబ్బరు తొడుగు వేసుకుని బొమ్మ నగరంలో నడుస్తాడు. చెప్పడానికి ఇంతే. అయితే ఇరవై అయిదో వంతుకు కుదించిన బొమ్మ మేడ అసలు మేడ కంటే అయిదు రెట్లు తొందరగా కూలిపోతుంది. మామూలు వేగంతో తీస్తే అది అగ్గిపెట్టె పడినట్టే ఉంటుంది. అందుకని కెమెరాను మూడు నాలుగు రెట్ల వేగంతో తిప్పి, తెర మీద మామూలు వేగంతో ఆడిస్తారు. అప్పుడు ఇటుక ఇటుకకూ బరువు వస్తుంది, అడుగు పడితే నేల అదిరినట్టుంటుంది. కథ ప్రకారం అల్ట్రామ్యాన్ 40 మీటర్లు, 35,000 టన్నులు. లోపలి మనిషి 181 సెంటీమీటర్లు. మధ్యనున్న తేడా అంతా కెమెరా వేగంలోనూ, కెమెరా నేలకెంత దగ్గరగా ఉందన్న దాంట్లోనూ దాగి ఉంది.

అల్ట్రామ్యాన్ కంటే ముందు వచ్చిన 'అల్ట్రా క్యూ' ధారావాహిక పుట్టుక వెనక ఒక అప్పు ఉంది. అతుకు కనపడకుండా రెండు మూడు బొమ్మల్ని ఒకే ఫిల్ము మీదికి చేర్చే ఆక్స్‌బెర్రీ ప్రింటర్ అనే యంత్రాన్ని త్సుబురాయా అమెరికా నుంచి తెప్పించుకోబోయాడు. నమ్ముకున్న టీవీ పథకం ఒకటి తప్పిపోవడంతో డబ్బు కట్టలేని స్థితి. ఆర్డరు రద్దు కాదన్నారు. చివరికి ఆ యంత్రాన్ని టీబీఎస్ టీవీ సంస్థ కొన్నది. కొన్నాక దాన్ని వాడాలి కదా. అలా 1966 జనవరిలో 'అల్ట్రా క్యూ', అదే ఏడాది జులై 17న రంగుల్లో 'అల్ట్రామ్యాన్' మొదలయ్యాయి. మొత్తం 39 భాగాలు. సగటున 36.8 శాతం మంది చూశారు.

డబ్బు కొరత మాత్రం పోలేదు. ఒక సినిమా కోసం చేసిన బరాగాన్ అనే రాక్షసుడి తొడుగునే తల మార్చి పాగోస్ చేశారు, మళ్లీ తల మార్చి నెరొంగా చేశారు, ఇంకోసారి మార్చి గబోరా చేశారు. గాడ్జిల్లా తొడుగుకు మెడచుట్టూ విసనకర్రలా విచ్చుకునే పట్టీ కట్టి జిరాస్ అని కొత్త పేరు పెట్టారు. మన నాటక సమాజాల్లో ధర్మరాజు కిరీటం మర్నాడు హరిశ్చంద్రుడి నెత్తికెక్కినట్టే. కొత్త సినిమాలో పాత్రలు దీన్ని గమనిస్తాయి కూడా. పాగోస్, నెరొంగా, గబోరా మెడ కింద నుంచి ఒకేలా ఉన్నాయేమిటని శాస్త్రవేత్తలు తమలో తాము అనుకుంటారు. 'అల్ట్రా క్యూ'లో గోమెస్ అనే రాక్షసుణ్ణి గాడ్జిల్లా తొడుగుతో చేస్తే, 'షిన్ అల్ట్రామ్యాన్'లో గోమెస్‌ను 2016 నాటి 'షిన్ గాడ్జిల్లా' కంప్యూటర్ బొమ్మ నుంచి చేశారు. పేదరికం నేర్పిన పద్ధతిని కలిగినప్పుడు కూడా వదల్లేదు. ఈ సినిమా మీద ప్రేమ పుట్టడానికి ఇలాంటి చిన్న సంగతులు చాలు.

తొడుగులోని మనిషి బిన్ ఫురుయా. 'అల్ట్రా క్యూ'లో కెముర్ అనే గ్రహాంతరవాసి వేషం వేశాడు. పొడుగు కాళ్లు, సన్నటి నడుము చూసి నరితా ఆయన్నే పట్టుబట్టాడు. నటుడు కావాలని సినిమాల్లోకి వచ్చిన 23 ఏళ్ల కుర్రవాడికి ముఖమే కనపడని వేషం. సముద్రంలో మునిగేవాళ్లు తొడుక్కునే మందపాటి రబ్బరుతో కుట్టిన తొడుగు, దీపాల వేడి, చుట్టూ పేలుతున్న మందుగుండు. రాక్షసుడి ముందు అల్ట్రామ్యాన్ నడుము వంచి, చేతులు చాచి, పిల్లిలా నిలబడతాడే, ఆ భంగిమ 'రెబెల్ వితౌట్ ఎ కాజ్'లో జేమ్స్ డీన్ కత్తి పట్టుకున్న తీరు నుంచి తీసుకున్నానని ఫురుయా చెప్పుకున్నాడు. కిరణం వదిలే ముద్రను అద్దం ముందు రోజుకు వందలసార్లు సాధన చేశాడు.

ఒకరోజు ఇక చాలు, మానేస్తానని చెప్పడానికి బస్సెక్కాడు. దారిలో కొందరు పిల్లలు ఎక్కారు. వాళ్ల నోట అల్ట్రామ్యాన్ మాట తప్ప ఇంకోటి లేదు. కళ్లు మెరుస్తున్నాయి. పక్కన కూర్చున్నది ఎవరో వాళ్లకు తెలియదు. ఫురుయా మానేస్తానని చెప్పలేదు, మళ్లీ తొడుగు తొడుక్కున్నాడు.

మూడోవాడు తెత్సువో కింజో. ఈయన గురించి కొంచెం నిలిచి చెప్పుకోవాలి, ఎందుకంటే అల్ట్రామ్యాన్‌కు మనసు పెట్టింది ఈయనే. 1938లో పుట్టి ఒకినావా దీవిలో పెరిగాడు. 1945 వసంతంలో అమెరికా సైన్యం అక్కడ దిగినప్పుడు ఆయన ఆరేళ్లవాడు. ఆ పోరులో తల్లి ఒక కాలు పోగొట్టుకుంది. యుద్ధం ముగిశాక ఒకినావా అమెరికా పాలనలోకి పోయింది, 1972 దాకా అలాగే ఉంది. చదువు కోసం టోక్యో వెళ్లాలంటే కింజోకు ప్రయాణ అనుమతి పత్రం కావాలి. తన దేశమనుకున్న చోటికి పరదేశిలా అడుగుపెట్టడం. ఇరవయ్యో పడిలోనే త్సుబురాయా సంస్థలో కథా విభాగానికి అధిపతి అయ్యాడు. అక్కడ ఆయన రాసిన కథ ఏమిటి? దూర నక్షత్ర లోకం నుంచి వచ్చినవాడు పొరపాటున ఒక మనిషి చావుకు కారణమవుతాడు. ఆ అపరాధానికి తన ప్రాణాన్ని అతనితో పంచుకుంటాడు. ఇక అతను ఇక్కడివాడూ కాడు, అక్కడివాడూ కాడు. రెండు లోకాల మధ్య నిలబడి రెంటికీ జవాబుదారీ. ఒకినావా కుర్రవాడి అనుభవం ఇందులో ఉందని జపాన్ విమర్శకులు చాలాకాలంగా అంటున్నారు. కథ చదివితే కాదనడం కష్టం.

కింజో 1969లో ఒకినావా తిరిగి వెళ్లిపోయాడు. 1975లో అక్కడ జరిగిన సముద్ర ప్రదర్శన ఉత్సవాలకు పనిచేశాడు. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో ఇంటి దగ్గర పడిపోయి, 37 ఏళ్లకే పోయాడు.

ఆ పాత ధారావాహికలో 23వ భాగం చూసిన జపనీయుడు దాన్ని మరచిపోడు. రచన మమోరు ససాకి, దర్శకత్వం అకియో జిస్సోజి. జమీలా అనే రాక్షసుడు శాంతి సమావేశం మీద దాడికి వస్తాడు. తీరా చూస్తే వాడు మనిషే. ఏదో దేశం పంపిన వ్యోమగామి. నీళ్లు లేని గ్రహం మీద చిక్కుకుపోతే, పరువు పోతుందని ఆ దేశం వాడి సంగతే దాచిపెట్టింది. నీళ్లు లేక ఒళ్లు మారిపోయి, పగతో తిరిగొచ్చాడు. వాణ్ణి చంపేది నీళ్లే. అల్ట్రామ్యాన్ చేతుల్లోంచి నీటి ధార చిమ్ముతుంటే జమీలా బురదలో పొర్లుతూ పసిబిడ్డలా ఏడుస్తాడు, పాకుతూ దేశాల జెండాల వైపు చేయి చాస్తాడు. చివర్లో వాడి సమాధి మీద గొప్ప మాటలు చెక్కుతారు. వీరుల దళంలోని ఇదె అనే యువకుడు ఆ మాటల అందాన్ని చూసి మండిపడతాడు. ఆదివారం సాయంత్రం ఏడు గంటలకు, అన్నం తింటున్న పిల్లలకు ఇది చూపించారు! ఆ పిల్లలు మర్నాడు బడిలో చొక్కా కాలరు నెత్తి మీదికి లాక్కుని జమీలా ఆట ఆడుకున్నారు. ఆటలోనే ఏడుపు కూడా మోసుకెళ్లారు.

అలా చూసి పెరిగిన పిల్లల్లో ఒకడు హిదెయాకి అన్నో. 1960లో యమగుచి జిల్లా ఉబెలో పుట్టాడు. ఒసాకాలో కళాశాల విద్యార్థిగా ఉండగా స్నేహితులతో కలిసి అల్ట్రామ్యాన్ సినిమా ఒకటి తీశాడు, 1983లో. ఎనిమిది మిల్లీమీటర్ల ఫిల్ము. బొమ్మ నగరమూ విమానాలూ చాలావరకు కాగితంతో చేసినవే. తొడుగుకు మాత్రం ముఖం లేదు. అల్ట్రామ్యాన్‌గా అన్నోనే కళ్లజోడుతో, తన ముఖంతో, జాకెట్ వేసుకుని నిలబడ్డాడు. చూసినవాళ్లు మొదటి నిమిషం నవ్వుతారు. కెమెరా కోణాలు, కూలే మేడల బరువు, దళంవాళ్ల ముఖాల్లోని ఆత్రం అంత పట్టుగా ఉంటాయి కాబట్టి మూడో నిమిషానికల్లా నవ్వు ఆగిపోతుంది.

'ఇవాంగెలియన్' కార్టూన్ ధారావాహికతో అన్నో ప్రపంచానికి తెలిశాడు. 2016లో షింజీ హిగుచితో కలిసి 'షిన్ గాడ్జిల్లా' చేశాడు. అది 825 కోట్ల యెన్లు వసూలు చేసి, జపాన్ అకాడమీ ఉత్తమ చిత్ర బహుమతి అందుకుంది. హిగుచి 1990ల గమెరా సినిమాలకు విశేష దృశ్యాలు చేసిన చెయ్యి తిరిగినవాడు. 'షిన్ అల్ట్రామ్యాన్'కు ఆయనే దర్శకుడు. రచన, నిర్మాణం, కూర్పులో భాగం అన్నోవి. 'షిన్' అన్న మాటను కావాలనే అక్షరచిత్రంతో కాకుండా ధ్వనిలిపిలో రాశారు. కొత్త, సత్యం, దేవుడు, ఏ అర్థమైనా తీసుకోవచ్చు. రాక్షసుడిని జపాన్‌లో కైజు అంటారు, వింత మృగమని. ఈ సినిమాలో అదే ఉచ్చారణకు విపత్తు, బలం, మృగం అనే మూడు అక్షరాలు వాడారు. 2011 భూకంపాన్నీ సునామీనీ చూసిన దేశంలో ఆ అక్షరం మార్పు ఊరికే జరగలేదు.

2019 డిసెంబరులో కొత్త అల్ట్రామ్యాన్ రూపాన్ని బయటపెట్టినప్పుడు అన్నో ఒక ప్రకటన ఇచ్చాడు. నరితా వేసిన ఆ 1983 చిత్రమే తమకు ఆధారమన్నాడు. కళ్ల కింద చిల్లులు లేవు, వీపు రెక్క లేదు, దీపమూ పెట్టలేదు. కంప్యూటర్ వచ్చాక లోపలి మనిషికి దారి కనపడాల్సిన పని లేదు, జిప్పు దాచాల్సిన పని లేదు. యంత్రాలు పెరిగితే అలంకారాలు పెంచడమే లోకం తీరు. ఇక్కడ యంత్రాల బలాన్ని, ఒక శిల్పి చేత బలవంతంగా అతికించినవాటిని పీకేయడానికి వాడారు. బలం తగ్గినప్పుడు ఈ అల్ట్రామ్యాన్ ఒంటి మీది ఎర్ర చారలే ఆకుపచ్చకు మారతాయి. చప్పుడు లేదు, హెచ్చరిక లేదు. మనిషి ముఖంలో రంగు తగ్గినట్టు.

ఇంకొకరి బాకీ కూడా తీర్చారు. కంప్యూటర్ బొమ్మకు కదలికలివ్వడానికి ఫురుయాను పిలిపించారు. అప్పటికి ఆయనకు 70 ఏళ్లు దాటాయి. ఆయనతో పాటు ఆ కదలికలు చేసిన రెండో మనిషి అన్నోనే. నడుము వంచి నిలబడే ఆ భంగిమ ఈ సినిమాలో నకలు కాదు, అదే ఒంటి నుంచి వచ్చింది. పోరాటాల్లో కునియో మియావుచి పాత సంగీతాన్ని కూడా అలాగే వాడారు. ఎగిరేటప్పుడు అల్ట్రామ్యాన్ కట్టెలా బిగుసుకుపోయి, తీగకు వేలాడే బొమ్మలా తిరుగుతాడు. కంప్యూటర్‌కు మెలికలు తిప్పడం రాక కాదు. ఆ బొమ్మే వాళ్ల బాల్యం.

కథలో రాక్షసులను ఎదుర్కొనే ప్రభుత్వ దళంలోని కామినగా అనే ఉద్యోగి, చిక్కుకుపోయిన పిల్లవాణ్ణి కాపాడబోయి, అల్ట్రామ్యాన్ దిగినప్పుడు ఎగిరిపడిన రాళ్లకు చనిపోతాడు. మహావీరుడు అతని శరీరంలో చేరతాడు. టకుమి సైతో ఈ పాత్రను రెప్ప వేయకుండా, గొంతు పెంచకుండా చేశాడు. మనుషులంటే ఏమిటో తెలుసుకోవడానికి ఆ పరలోకవాసి ఎంచుకున్న దారి గ్రంథాలయం. వరసగా పుస్తకాలు తిరగేస్తాడు. అతని చేతిలో లెవీ స్ట్రాస్ మానవశాస్త్ర గ్రంథం కనిపిస్తుంది. తనను కాపాడుకోవడం మాని ఎవరో పిల్లవాడి మీద పడి చనిపోయిన మనిషి అతనికి అర్థం కాలేదు. సినిమా అంతా ఆ ఒక్క ప్రశ్న కోసం వెతుకులాట.

గబోరా అనే రాక్షసుడు నేలను తొలుచుకుంటూ అణువ్యర్థాల నిల్వ వైపు పోయే ఘట్టంలో అల్ట్రామ్యాన్ కిరణం వాడడు. వాడితే విషం చుట్టుపక్కలకు చిమ్ముతుంది. పిడికిలితోనే పడగొట్టి, కళేబరాన్ని భూమికి అందనంత దూరం మోసుకుపోతాడు. త్సుబురాయా పుట్టిన జిల్లా, అణు ప్రమాదం చూసిన ఆ ఫుకుషిమాయే అని గుర్తుంటే ఈ సన్నివేశం గొంతులో అడ్డుపడుతుంది.

జరబ్ అనే రెండో పరలోకవాసి దేశాలతో ఒప్పందాలు రాయించుకోవడానికి వస్తాడు. మూడోవాడు మెఫిలస్. కోజి యమమోతో ఈ పాత్రలో చేసింది చూసి తీరాలి. కోటూ బూటూ, చక్కటి మర్యాద, మాటకొక సామెత, ప్రతి సామెత తర్వాతా అది తనకు ఇష్టమైన మాటని చెప్పడం. జపాన్ యువత ఆ ఊతపదాన్ని నెలల తరబడి వాడుకుంది. భూమిని సొంతం చేసుకోవడానికి వచ్చినవాడు, దాన్ని కాపాడటానికి వచ్చినవాడు చిన్న సారాయి దుకాణంలో పక్కపక్కన కూర్చుని తాగుతూ మనుషుల భవిష్యత్తు మాట్లాడుకుంటారు. లేచేటప్పుడు మెఫిలస్ బిల్లు చెరి సగం అంటాడు. 1967లో పాత ధారావాహికలో ఈ మెఫిలస్ ఒక పిల్లవాణ్ణి బతిమాలాడు, భూమిని ఇస్తానని ఒక్క మాట అనమని. పిల్లవాడు అనలేదు. 2022లో వాడు మంత్రుల దగ్గరికి వెళ్లాడు. మంత్రులు సంతకానికి సిద్ధపడ్డారు. అయిదు దశాబ్దాల్లో మారిందేమిటో చెప్పడానికి ఇంతకంటే పదునైన దృశ్యం ఇటీవలి జపాన్ సినిమాలో దొరకడం కష్టం.

లోపాలు లేకపోలేదు. అయిదారు టీవీ భాగాలను కలిపి కుట్టినట్టుండే కథలో కుట్లు కనపడతాయి. మసామి నగసవా చేసిన, కామినగా సహోద్యోగి అసామి పాత్రను కెమెరా పదే పదే కింది నుంచి, వెనక నుంచి చూస్తుంది. ఆమెను మెఫిలస్ మహాకాయురాలిగా మార్చి నగరంలో నిలబెట్టిన ఘట్టం, ఆమె ఒంటి వాసన పట్టి వెతికే ఘట్టం చాలామందికి నచ్చలేదు. నచ్చకపోవడంలో న్యాయముంది. పాత కథకు నివాళి అన్న మాట ఆ చూపును కాపాడలేదు.

చివరి ప్రమాదం అల్ట్రామ్యాన్ సొంత లోకం నుంచే వస్తుంది. మనుషులను ఆయుధాలుగా మార్చవచ్చని తేలిపోయింది కాబట్టి ఈ గ్రహాన్నే తుడిచేయాలని జోఫీ అనేవాడు జెట్టన్ అనే యంత్రాన్ని ఆకాశంలో నిలబెడతాడు. పాత కథలో జోఫీ స్నేహితుడు. అప్పట్లో ఒక పిల్లల పత్రిక తప్పు సమాచారంతో జోఫీయే జెట్టన్‌ను నడిపిస్తాడని అచ్చువేసింది. ఆ అచ్చుతప్పునే అన్నో కథ చేసుకున్నాడు. అల్ట్రామ్యాన్ నివాసం ఎం78 నీహారిక అన్నది కూడా, నిజానికి ఎం87 అనుకున్నది రాతలో తారుమారైందని చెబుతారు. కెన్షి యొనెజు పాడిన ఈ సినిమా పాటకు పేరు 'ఎం87'. అభిమానం అంటే తప్పులను కూడా దాచుకోవడం.

జెట్టన్ ముందు అల్ట్రామ్యాన్ ఓడిపోతాడు. అప్పుడు పని మనుషుల మీద పడుతుంది. తాకీ అనే యువ భౌతికశాస్త్రవేత్త మొదట చేతులెత్తేసి తాగి పడుకుంటాడు. దేవుడే చేసే పనికి మన చదువులెందుకన్నది అతని బాధ. కామినగా వదిలివెళ్లిన చిన్న పరికరంలోని సూత్రాలు చూశాక లేచి, ప్రపంచ శాస్త్రవేత్తలందర్నీ కూడగట్టి లెక్క తేలుస్తాడు. వరమడిగే జాతి కాదని నిరూపించుకోవడం ఇదే. సినిమా జపాన్‌లో 440 కోట్ల యెన్లకు పైగా రాబట్టింది.

తెలుగు పాఠకుడికి ఇక్కడ ఒక ముడి ఉంది. 1974లో థాయిలాండ్‌లో వచ్చిన ఒక సినిమాలో అల్ట్రామ్యాన్ సోదరులు ఆరుగురు, వాళ్ల తల్లి, వాళ్లతో పాటు మన హనుమంతుడు! త్సుబురాయా దగ్గర పని నేర్చుకున్న సోంపోత్ సేంగ్‌దుయెన్‌చాయ్ అనే థాయ్ నిర్మాత జపాన్ సంస్థతో కలిసి తీశాడు. బుద్ధ విగ్రహం తల దొంగిలించేవాళ్లకు అడ్డుపడి ఒక పిల్లవాడు చనిపోతాడు. అల్ట్రా తల్లి వాడికి హనుమంతుడి రూపంలో ప్రాణం పోస్తుంది. లోకం ఎండకు మాడిపోతుంటే ఆ హనుమంతుడు సూర్యుడి దగ్గరికే ఎగిరిపోయి వేడుకుంటాడు. సూర్యుణ్ణి పండనుకుని ఎగిరిన బాలుడి కథ వింటూ పెరిగిన మనకు ఇది వింతగానూ, సొంతంగానూ ఉంటుంది. థాయ్ రామాయణంలో హనుమంతుడు తెల్లటి కోతి, ముఖానికి పెట్టిన తొడుగు థాయ్ నాట్యానిది. కావలసినంత ఎత్తు పెరిగే వీరుడు ఆసియాకు కొత్త కాదని ఈ జంట చూపించింది. ఆ పరిచయమే తర్వాత హక్కుల తగాదాగా మారి పలు దేశాల కోర్టుల్లో ఏళ్లకేళ్లు నడిచింది. 2018లో అమెరికా కోర్టు తీర్పు జపాన్ సంస్థ పక్షాన వచ్చాక అల్ట్రామ్యాన్‌కు విదేశాల్లో దారి సులువైంది.

సుకగవా ఊళ్లో ఇప్పుడు వీధి పొడవునా అల్ట్రామ్యాన్, రాక్షసుల విగ్రహాలున్నాయి. 2011 భూకంపం దెబ్బ తిన్న ఊరు అది. 2013లో ఆ ఊరు ఎం78 నీహారికతో సోదర నగర ఒప్పందం చేసుకుంది. అక్కడే 2020 నవంబరు 3న, అంటే 1954లో 'గాడ్జిల్లా' విడుదలైన తేదీనే, తొకుసత్సు భాండాగారం తెరిచారు. బొమ్మ మేడలు, విమానాలు, పగిలిన అచ్చులు చెత్తకుప్పల పాలవుతుంటే వాటిని ఏరి భద్రపరచాలని పట్టుబట్టి తిరిగినవాళ్లలో అన్నో, హిగుచి ముందున్నారు. కంప్యూటర్‌తో మహావీరుణ్ణి చేసినవాళ్లే రబ్బరు తొడుగుల కోసం అల్మరాలు కట్టించారు.

సినిమా ఆఖరి దృశ్యంలో కామినగా కళ్లు తెరుస్తాడు. కెమెరా అతని కళ్లలోంచే చూస్తుంది. అల్ట్రామ్యాన్ తన ప్రాణాన్ని అతనికిచ్చి వెళ్లిపోయాడు. పైన వంగి చూస్తున్న నలుగురు సహోద్యోగుల ముఖాలు. అసామి అతనితో ఒకే మాట అంటుంది. గడప దాటి ఇంట్లోకి వచ్చినవాళ్లతో జపాన్‌లో ప్రతి ఇంట్లోనూ అనే మాట, వచ్చేశావా అని. పడి ఉన్నది కామినగా. ఆమె ఇన్నాళ్లూ కలిసి పనిచేసింది, అతని లోపల ఉన్న రెండోవాడితో. అతను బదులు చెప్పేలోగానే తెర నల్లబడుతుంది.